పైపూత మందు

ఆమెకి అసహ్యం ఎక్కువ. అలాగని అందరికీ ఉండే రకం కాదు. బొద్దింక కనిపిస్తే చెప్పు తీసి ఒక్కటి వేయగలదు. చచ్చిన ఎలుకని తోక పట్టుకుని బయట పారేసి, చేతులు కడుక్కుని వచ్చి అన్నం తినగలదు. ఆమెకి పడనిదల్లా ఒంటికి జిగట తగలడం. తలకి నూనె, ముఖానికి క్రీము, కాలిన చోట మలాము, ఏదైనా సరే, చర్మం మీద జారేది తగిలిందంటే వెన్నులో వణుకు మొదలై, కడుపులో తిప్పి, గొంతుదాకా వచ్చేస్తుంది. చలికాలంలో పెదాలు పగిలి నెత్తురొస్తున్నా వాటిమీద ఏమీ రాయనివ్వదు. ఎవరి అసహ్యాలు వాళ్ళవి, నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

తమాషా ఏమిటంటే ఆమెకి కూడుపెట్టేవి మరకలే. పెద్ద డ్రైక్లీనింగ్ షాపులో వెనక గదిలో మరకలు తీసే బల్ల ఆమెది. ఊరందరి చెమటా, నెత్తురూ, పులుసూ, పసిపిల్లలు కక్కిన పాలూ, తాగినవాళ్ళు కక్కినవీ, అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. ఆవిరి గొట్టం, రకరకాల బ్రష్షులు, గోడవారన వరసగా మందు సీసాలు. చేతులకి గ్లవుజులు తొడుక్కుందంటే ఇంక ఆమెకి ఏ మరకైనా ఒకటే, మనిషి ఒంట్లోంచి ఏది వచ్చినా ఒకటే. షాపులో అందరూ మరకలక్క అంటారు. లోకంలో కంపంతా భరిస్తావు, చేతులకి కాస్త క్రీము రాసుకోవడానికి ఏం రోగం అక్కా అని ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ళు ఏడిపిస్తూ ఉంటారు. అవి ఇంకొకళ్ళ మరకలు, నా ఒంటివి కాదుగా అంటుంది ఆమె.

అలాంటి మనిషికి రాసుకునే మందు వచ్చి పడింది.

ఎడమ రొమ్ములో ఒక మచ్చ కనిపించింది. చేతికి తగిలేది కాదు, ఎక్స్‌రే ఫొటోలో మాత్రమే తెల్లగా, ఉప్పు చల్లినట్టు కనిపించేది. సూది గుచ్చి ముక్క తీసి పరీక్ష చేశారు. ఇది ఇంకా క్యాన్సర్ కాదమ్మా, అలా వదిలేస్తే అవ్వొచ్చు అన్నాడు డాక్టరు. ఆడవాళ్ళ ఒంట్లో ఊరే హార్మోను ఆ కణాలకి మేత పెడుతోందట. ఆ మేత అందకుండా అడ్డుపడే మాత్రలు ఎప్పట్నించో ఉన్నాయి. కానీ ఆమెకి కొన్నేళ్ళ కిందట కాలి నరంలో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వచ్చింది. ఆ మాత్ర మింగితే మళ్ళీ గడ్డ కట్టొచ్చు. కాబట్టి అది కుదరదు.

మరి కొయ్యడమేనా అని ఆమె అడిగింది. అప్పుడు చెప్పాడు డాక్టరు పైపూత మందు సంగతి. అదే మందుని జెల్లుగా చేసి రొమ్ము మీద రాస్తారు. చర్మంలోంచి ఇంకి అక్కడికక్కడే పనిచేస్తుంది, రక్తంలోకి పెద్దగా పోదు, కాలికి భయం లేదు. పరిశోధన కింద కొందరికే ఇస్తున్నారు. కొందరికి అసలుది, కొందరికి ఉత్తుత్తిది ఇచ్చి పోల్చి చూసే రకం కాదు, అందరికీ అసలు మందే. ఆరు నెలలు రోజూ రాసుకోవాలి. మచ్చ తగ్గితే కత్తి అక్కర్లేదు. పెరిగితే మాత్రం రొమ్ము మొత్తం తీసేయాల్సి రావొచ్చు, అది ఉన్న చోటు అలాంటిది.

ఆమె భర్త పక్కనే కూర్చుని విన్నాడు. ఆయనకి జిమ్ము ఉంది, అందరూ మాస్టారు అంటారు. వయసులో ఉన్నప్పుడు కండల పోటీల్లో ఒంటికి నూనె పూసుకుని వేదికలెక్కిన మనిషి. మందు మీద డాక్టరుకన్నా ఎక్కువ ఆసక్తి ఆయనే చూపించాడు. ఎలా ఇంకుతుంది, ఎన్నాళ్ళకి తెలుస్తుంది, ఒకవేళ మగవాళ్ళకి తగిలితే ఏమవుతుంది అని ఒకటే ప్రశ్నలు. డాక్టరుకి అలాంటి శ్రోత దొరికితే పండగే. ఏమీ కాదు, అసలు మగవాళ్ళలో ఛాతీ ఉబ్బే జబ్బుకి కూడా ఇలాంటి మందే వాడి చూస్తున్నారు అని చెప్పుకుంటూ పోయాడు. భార్య ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో అని సిస్టరు మురిసిపోయింది. ఆమె కూడా మురిసిపోయింది, అబద్ధమెందుకు.

సిస్టరు పద్ధతంతా చెప్పింది. రాసేవాళ్ళు గ్లవుజు వేసుకోవాలి, ఆరేదాకా బట్ట తగలకూడదు. నెలకొక సీసా ఇస్తారు, ఖాళీది తెచ్చి ఇస్తేనే కొత్తది. రక్తపరీక్షలో ఈ మందు సరిగ్గా దొరకదు గనక, తెచ్చిన సీసాని తూకం వేసి, పేషెంటు వాడారో లేదో చూసుకుంటారు. అదొక్కటే వాళ్ళకి ఆధారం.

మొదటి రోజు స్నానం చేసి వచ్చి అద్దం ముందు నిలబడి సీసా మీద నొక్కింది. మూతిలోంచి గాజులాంటి ముద్ద ఒకటి బయటికి వచ్చి వణుకుతూ ఆగింది. అంతే. అది వేలికి తగలకముందే ఆమె సింకు దగ్గరికి పరిగెత్తింది. మర్నాడూ అదే కథ. మూడోనాడు ముక్కు మూసుకుని ప్రయత్నించి, ఓడిపోయి, మంచం మీద కూర్చుని ఏడ్చింది. క్యాన్సర్ వస్తుందన్న భయం ఒక పక్క, చారెడు జెల్లుని ముట్టుకోలేకపోతున్నానన్న సిగ్గు ఇంకో పక్క.

అప్పుడు మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏడవకు. నేను రాస్తాను. నువ్వు సీసా కూడా చూడక్కర్లేదు, బాత్రూములో కప్పులో వేసుకుని తెస్తాను. గోడవైపు తిరిగి కళ్ళు మూసుకో," అన్నాడు.

అలా మొదలైంది. రోజూ పొద్దున్నే ఆయన బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకునేవాడు. కాసేపటికి గ్లవుజు వేసుకుని కప్పుతో వచ్చేవాడు. ఆమె గోడకేసి తిరిగి కళ్ళు గట్టిగా మూసుకుని పళ్ళు బిగించేది. ఆయన ఏదో ఒక జోకు వేస్తూ రాసేవాడు. మన జిమ్ములో డబ్బులిస్తే ఇలాంటి సేవ దొరకదు తెలుసా అనేవాడు. చల్లగా, జిగటగా, నత్త పాకినట్టు ఉండేది ఆమెకి. ఆరడానికి టైము పడుతుందని ఫ్యాను కింద కూర్చోబెట్టేవాడు. ఎంతసేపు కూర్చున్నా అది ఆరినట్టే ఉండేది కాదు. చివరికి విసుగొచ్చి రవిక తొడుక్కుంటే లోపల బంకబంకగా అతుక్కుని, షాపులో సగం పూటదాకా ఒళ్ళు జలదరిస్తూనే ఉండేది. అయినా ఓర్చుకుంది. మొగుడు అంత ఇదిగా చేస్తుంటే ఆ మాత్రం ఓర్చుకోలేనా అనుకుంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన చెయ్యి అంత ఓపిగ్గా ఆమెని తాకింది లేదు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు, ఆయన లోకం ఆయనది, ఆయన అద్దాలు ఆయనవి. అలాంటివాడు రోజూ పొద్దున్నే ఒక పూజారి శ్రద్ధతో కప్పు పట్టుకుని వస్తుంటే ఆమె మనసు కరిగిపోయింది. ఆ సంగతి ఆడపడుచుతో ఫోనులో చెప్పుకుని ముక్కు చీదింది. ఆడపడుచు ఆ మాటని నలుగురిలో చాటింపు వేసింది. మా అన్నయ్యలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు వదినా, నువ్వు పెట్టి పుట్టావు అంది. హాస్టల్లో ఉన్న కూతురు కూడా నాన్న గురించి గొప్పగా రాసి ఫోనుకి పంపింది.

నెల నెలా ఖాళీ సీసా పట్టుకెళ్ళేవారు. సిస్టరు తూకం వేసి తలూపేది. కొంతమంది సగం మందు మిగుల్చుకుని తెస్తారు, మీరు మాత్రం చక్కగా వాడుతున్నారు అనేది. నాదేం లేదండీ, అంతా ఈయనే అని ఆమె మాస్టారుని చూపించేది. ఆయన తల వంచుకుని చిన్నగా నవ్వేవాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఎవరికైనా చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

ఆ నెలల్లోనే ఆయనలో ఒక హుషారు వచ్చింది. అంతకు ముందు ఏడాదిగా ఎందుకో నల్లటి వదులు చొక్కాలే వేసేవాడు, ఇంట్లో కూడా బనీను విప్పేవాడు కాదు, జిమ్ముకి కూడా ఆలస్యంగా వెళ్ళేవాడు. వయసు మీద పడుతోంది కాబోలు అనుకుంది ఆమె. ఇప్పుడు మళ్ళీ ఒంటికి అతుక్కునే తెల్ల టీషర్టులు బయటికి తీశాడు. అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకోవడం మొదలైంది. ఇంట్లో కష్టం వస్తే మనిషి కుంగిపోతాడంటారు, ఈయన నాకు ధైర్యం చెప్పడానికి ఇలా ఉంటున్నాడు అని దానికి కూడా ఆమె మంచి అర్థమే వెతుక్కుంది. ప్రేమగా చూడాలనుకున్నవాళ్ళ కళ్ళకి గంతలు వేరే కట్టక్కర్లేదు.

ఆరు నెలలయ్యాక మళ్ళీ ఫొటో తీశారు. మచ్చ పెరిగింది.

డాక్టరు పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూపించాడు. ఉప్పు చల్లినట్టున్నది ఇప్పుడు ఉప్పు ఒలికినట్టుంది. మందు అందరి ఒంటికీ పనిచేయదమ్మా, మీకు పనిచేయలేదు, మీ తప్పేమీ లేదు, సీసాలే చెబుతున్నాయి మీరెంత పద్ధతిగా వాడారో అన్నాడు. రొమ్ము తీసేయక తప్పదు, వచ్చే వారం రండి, మాట్లాడుకుని తేదీ పెట్టుకుందాం అన్నాడు. ఆమె రెండు ఫొటోలనీ చూస్తూ కూర్చుంది. మాస్టారు మాత్రం డాక్టరు బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు. సిస్టరు ఆయనకి మంచినీళ్ళు ఇచ్చింది.

ఇంటికి వచ్చిన రెండు రోజులూ ఆమె తన ఒంటిని తిట్టుకుంది. అంత మంచి మందు, అంత మంచి మొగుడు, ఈ పాడు ఒళ్ళు దేన్నీ తీసుకోలేదు అనుకుంది. ఆదివారం నాడు ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని విడిచిన బట్టలన్నీ ముందేసుకుంది.

మాస్టారు తెల్ల టీషర్టు చేతిలోకి తీసుకుంది. ఛాతీ దగ్గర లోపలివైపు బట్ట కాస్త బిరుసుగా తగిలింది. వెలుతురుకి పట్టి చూస్తే ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, గుండ్రంగా, అంచు కట్టిన మరకలు. చెమట మరక అలా ఉండదు. అలవాటు కొద్దీ వాసన చూసింది. స్పిరిటు వాసన, దాని అడుగున ఏదో మందు వాసన. నీటి చుక్క వేస్తే కరగలేదు. ఇంకో టీషర్టు తీసింది, అదే మరక, అవే చోట్లు. ఆయన బనీన్లన్నీ తిరగేసింది. అన్నిటికీ ఉంది.

తన లోపలి బట్టలు తీసి చూసింది. వాటికీ మరకలున్నాయి, కానీ ఇవి వేరే. గంజిలా పొలుసు కట్టి, నీళ్ళు తగలగానే కరిగిపోయేవి. వాసనే లేదు. ఇన్ని నెలలూ ఈ బట్టలు తనే ఉతుక్కుంది, తేలిగ్గా పోతోంది కదా అని ఎన్నడూ ఆలోచించలేదు.

ఆమె లేచి బీరువాలోంచి, ఇంకా వెనక్కి ఇవ్వని ఆఖరి మందు సీసా తీసింది. ముంజేతి మీద ఒక్కసారి నొక్కింది. జీవితంలో మొదటిసారి ఆ మందు ఆమె చర్మానికి తగిలింది. చల్లగా తగిలి, గుప్పున స్పిరిటు వాసన కొట్టి, వేలితో రాసేలోపే ఆరిపోయింది. జిగట లేదు, బంక లేదు. చెయ్యి పొడిగా ఉంది. ఆమె ఆ చేతిని అలా చూస్తూ ఉండిపోయింది. ఆరు నెలలు గోడకేసి తిరిగి, పళ్ళు బిగించి, కక్కు మింగుకుని తాను ఓర్చుకున్నది మందు కాదు.

ఏం పూశాడో వెతకడానికి ఎక్కువ సేపు పట్టలేదు. జిమ్ములో మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఒక మిషను పెడతాడు. దానికి ముందు చర్మం మీద పూసే జెల్లీ ఒక నీలం రంగు డబ్బాలో ఉంటుంది. అందులోంచి నింపుకున్న చిన్న సీసా ఒకటి బాత్రూములో గీజరు వెనక దొరికింది. వేలు ముంచింది. ఆ జిగట, ఆ చలువ, ఆ నత్త. ఆమె అక్కడే, బాత్రూము గచ్చు మీదే కూలబడి కక్కుకుంది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చాడు. ఆమె కంచం పెట్టలేదు. బల్ల మీద టీషర్టు, మందు సీసా, జెల్లీ సీసా పక్కపక్కన పెట్టింది. ఆయన వాటిని చూసి, ఆమెని చూసి, కుర్చీలో కూలబడ్డాడు. దబాయిస్తాడేమో అనుకుంది, అదీ చేయలేదు. గడగడా చెప్పేశాడు. కుర్ర ట్రైనర్లు వచ్చాక జిమ్ములో తన పని అయిపోతోందని మళ్ళీ కండల ఇంజెక్షన్లు తీసుకున్నాడట. కండలతో పాటు ఛాతీ మీద రెండు వైపులా మెత్తగా ఉబ్బి నొప్పి పెట్టడం మొదలైందట. జిమ్ములో ఎవడో దాన్ని చూపించి నవ్వాడట. అది విని ఆయన కారులో కూర్చుని ఏడ్చాడట. డాక్టరు దగ్గరికి ఎలా వెళ్ళను, ఏమని చెప్పుకోను అన్నాడు.

"మరి నాకో?" అంది ఆమె.

"మొదట్లో సగం సగమే అనుకున్నానే. సగానికి నాకు తగ్గడం లేదు," అన్నాడు. గొంతు తగ్గించి, "నీది ఇంకా క్యాన్సర్ కాదన్నారుగా," అన్నాడు.

ఆ మాట విన్నాక ఆమెకి కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే ఎదుట మనిషి ఉండాలి. ఆమె కళ్ళకి కుర్చీలో ఒక జిగట ముద్ద కనిపించింది. రోజూ పొద్దున్నే బాత్రూములో గడియ పెట్టుకుని ముందు తన ఛాతీకి మందు రాసుకుని, ఆరబెట్టుకుని, చొక్కా వేసుకుని, అప్పుడు కప్పులో జెల్లీ పోసుకుని జోకులు తయారుచేసుకుని వచ్చేవాడన్నమాట. దొంగతనమైతే క్షమించొచ్చునేమో. ఆ జోకులని ఎలా క్షమిస్తారు? తాను కళ్ళు మూసుకుని కరిగిపోయిన పొద్దుటి పూటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, ఆ చెయ్యి పడ్డ చోటల్లా చర్మం ఒలిచేసుకోవాలనిపించింది. బకెట్లకి బకెట్లు నీళ్ళు పోసుకుని ఒళ్ళు ఎర్రబడేదాకా తోముకుంది. వదల్లేదు.

సాయంత్రానికి ఆడపడుచు ఫోను చేసింది. అన్న అంతా చెప్పేశాడు కాబోలు. ముందు ఏడ్చింది, తర్వాత అసలు సంగతికి వచ్చింది. జరిగిందేదో జరిగిపోయింది, ఎలాగూ ఆపరేషన్ తప్పదంటున్నారు, ఇప్పుడు డాక్టరుకి చెబితే ఒరిగేదేముంది, జిమ్ము మూతపడుతుంది, అన్నయ్య నలుగురిలో తలెత్తుకోలేడు అంది. "మగాడికి అలాంటివి పెరిగాయంటే పరువేం మిగులుతుంది వదినా? నీకైతే బట్టల కింద ఎవరికీ తెలీదు," అంది.

ఆమె ఫోను పెట్టేసింది. ఆయన పరువు బట్టల పైన ఉంది, తన రొమ్ము బట్టల కింద ఉంది, కాబట్టి కోసేది తనదే. లెక్క ఎంత బాగా కుదిరింది! అన్నాచెల్లెళ్ళిద్దరినీ ఒకే మూసలో పోశారు, అనుకుంది.

కానీ ఒక సంగతి ఆడపడుచుకి తట్టలేదు, ఏడుపుల్లో మాస్టారుకీ తట్టలేదు. మందు తన ఒంటికి పనిచేయలేదని కదా డాక్టరు కొయ్యాలంటున్నది. మందు తన ఒంటిని ముట్టనే లేదు. నోరు మూసుకుంటే రొమ్ము పోతుంది. నోరు తెరిస్తే ఏమో, దక్కొచ్చు, దక్కకపోవచ్చు. డాక్టరు గదికి వెళ్ళేదాకా ఆమె ఆ ఇంట్లో కూతురు గదిలో పడుకుంది. ఆయన తిన్న కంచం కడగలేదు, ఆయన తువ్వాలు చేత్తో ముట్టుకోలేదు, ఆయన బట్టలు అలాగే గచ్చు మీద పడి ఉన్నాయి. ఊరందరి కక్కూ కడిగే మనిషికి ఆ తెల్ల టీషర్టుని కాలితో నెట్టాలన్నా ఒళ్ళు గగుర్పొడిచింది. ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి ఏదో గొణుగుతుంటే తలుపు మూసేది. డాక్టరుకి చెబుతావా అని అడిగితే బదులివ్వలేదు. ఆమె మౌనాన్ని ఆయన తన అలవాటు ప్రకారం తనకి అనుకూలంగా అర్థం చేసుకున్నాడు.

అందుకే వారం తర్వాత ఆస్పత్రికి ఆయన కూడా తయారయ్యాడు. ముందే వచ్చి ఆటోలో కూర్చున్నాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగలేదు.

డాక్టరు మెత్తగా మాట్లాడాడు. ఆపరేషన్ ఎలా చేస్తారో, ఎన్నాళ్ళు విశ్రాంతి కావాలో చెప్పాడు. ఆ తర్వాత మాస్టారు వైపు తిరిగి, మీరు ఇన్నాళ్ళూ దగ్గరుండి చూసుకున్నారు, ఇప్పుడే మీరు ఇంకా ధైర్యంగా ఉండాలి అన్నాడు. మాస్టారు కళ్ళు తుడుచుకుని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

ఆమె కుర్చీ పక్కకి జరుపుకుంది. చెయ్యి గాల్లో ఉండిపోయింది.

"డాక్టరుగారూ, మందు బాగానే పనిచేసిందండి," అంది. "ఈయన చొక్కా విప్పించి చూడండి."

డాక్టరుకి ముందు అర్థం కాలేదు. మనసు చెదిరిందేమో అన్నట్టు సిస్టరు వైపు చూశాడు. ఆమె వణకకుండా, ఏడవకుండా, మరక ఎక్కడ పడిందో దుకాణంలో ఖాతాదారుకి చెప్పినట్టు మొత్తం చెప్పింది. ఇంజెక్షన్లు, ఛాతీ, కప్పు, నీలం డబ్బా జెల్లీ. సీసాలు ఖాళీ అయిన మాట నిజమే, ఖాళీ చేసింది ఈయన ఛాతీ అంది. సిస్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాస్టారు తలుపు వైపు చూశాడు. డాక్టరు లేచి తలుపు వేసి, విప్పండి అన్నాడు, ఈసారి మెత్తగా కాదు.

విప్పాడు. నున్నగా, చదునుగా, పోటీల రోజుల్లోలాగే ఉంది ఛాతీ. డాక్టరు రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. ఇక్కడ నొప్పి ఉండేదా, గడ్డ ఎంత ఉండేది, ఎన్నో నెల నుంచి తగ్గింది అని అడిగాడు. కోపంగా మొదలుపెట్టిన మనిషి గొంతు పోనుపోను మారింది. ఇంకోవైపు తిప్పి చూశాడు, వెలుతురులోకి రమ్మన్నాడు, ఇంత బాగా కరిగిందా అని తనలో తను అనుకున్నాడు. మాస్టారు కూడా మొదట గొణిగినవాడు కాస్తా, అడిగేవాడు దొరికేసరికి వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఎడమవైపు ముందు తగ్గిందండీ అన్నాడు. ఇద్దరు మగవాళ్ళూ కిటికీ దగ్గర నిలబడి ఒక ఛాతీని చూసుకుంటున్నారు. రొమ్ము తీయించుకోవలసిన మనిషి కుర్చీలో కూర్చుని ఉంది.

అప్పుడు అడిగాడు మాస్టారు, చొక్కా చేతిలో పట్టుకుని, చాలా వినయంగా.

"ఇప్పుడు మందు ఆపేస్తే నాకు మళ్ళీ పెరుగుతుందాండీ?"

ఆమెకి కడుపులోంచి అంతా ఒక్కసారి పైకి వచ్చింది. దిగమింగుకుని లేచి నిలబడింది.

"డాక్టరుగారూ, రోగిని నేనండి."

డాక్టరు చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. ముఖం కందగడ్డ అయింది. మాస్టారుని చొక్కా కూడా పూర్తిగా తొడుక్కోనివ్వకుండా బయటికి పంపాడు. చేతులు కడుక్కుని వచ్చి ఆమె ఎదుట కూర్చుని, క్షమించండమ్మా అన్నాడు. తర్వాత ఫొటోలు మళ్ళీ తీసి ఈసారి చాలాసేపు చూశాడు. పోయిన ఆరు నెలలు తెచ్చి ఇవ్వలేనన్నాడు. మచ్చ పెరిగిన మాట నిజమే గనక కత్తి తప్పుతుందని మాట ఇవ్వలేనన్నాడు. ముందు మళ్ళీ ముక్క తీసి పరీక్ష చేస్తామని, అది ఇంకా క్యాన్సర్ గీత దాటకపోతే, ఆపరేషన్ ఆపి ఫలితం వచ్చిన రోజు నుంచే అసలు మందు మొదలుపెట్టి చూద్దామని చెప్పాడు. దాటితే అని ఆమె అడిగింది. దాటితే తీసేయాలి అన్నాడు. సరేనంది.

సిస్టరు కొత్త సీసా తెచ్చి చేతిలో పెట్టింది. పరీక్ష ఫలితం వచ్చి, మేము ఫోను చేశాకే మొదలుపెట్టండి అంది. ఆ తర్వాత నోటికి అలవాటైన ప్రశ్నే అడిగింది.

"ఇంట్లో రాసిపెట్టడానికి ఎవరైనా ఉన్నారా అమ్మా?"

అడిగాక నాలుక కరుచుకుంది. తలుపు అవతల మాస్టారు గొంతు సవరించుకుంటున్నాడు, ఎవరికో ఫోనులో ఏదో మెల్లిగా చెప్పుకుంటున్నాడు.

"ఎవరూ లేరండి," అంది ఆమె.